బీగంచెవి ఎవరి దగ్గరుంది?

(బెంగళూరులో తెలుగువాళ్ల నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగం. ఆవిడ మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇదే మైకు ముందు పద్యాల గురించి ఎంత చక్కటి ప్రసంగం విన్నాం! ఈ నెల పార్కులో పాయిఖానాల గురించి. (నవ్వులు) నవ్వండి, ఏం ఫరవాలేదు. టిఫిన్లు అయ్యాకే నన్ను పిలవమని సెక్రటరీగారికి ముందే చెప్పాను.

మాది హిందూపురం. బెంగళూరు వచ్చి ముప్పైనాలుగేళ్లయింది. బిల్డింగులు కట్టే ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పది అంతస్తులు, పన్నెండు అంతస్తులు కట్టించాను. రిటైరయ్యాక చేసింది ఒకటే పని. మా లేఅవుట్ పార్కులో ఒక పాత టాయిలెట్ బాగు చేయించడం. మగవాళ్లకు మూడు గదులు, ఆడవాళ్లకు రెండు. ఒట్టి అయిదు గదులు. పన్నెండు అంతస్తులప్పుడు కూడా నాకింత టెన్షన్ లేదు.

మనకు మరుగుదొడ్డి అని ఒక మాట ఉంది కదా. దొడ్డి అంటే పెరడు. చెంబు పట్టుకుని దొడ్డివైపు వెళ్లేవాళ్లు కాబట్టి ఆ పనికే దొడ్డి అని పేరు పడిపోయింది. అది చాలక దానికి ముందు మరుగు ఒకటి తగిలించాం. పార్కుల ప్లాన్లు గీసేవాళ్లు కూడా ఈ మాటనే మనసులో పెట్టుకుని గీస్తారేమో అనిపిస్తుంది నాకు. ఏ చిన్న పార్కుకైనా వెళ్లి చూడండి. గేటు దగ్గర ఫౌంటెన్, పక్కన ఓపెన్ జిమ్, మధ్యలో కూర్చోడానికి గజీబో అనే చిన్న మండపం. టాయిలెట్ మాత్రం ఆ చివర, ఎండుటాకులు పోసే గుంత పక్కన, గుబురు చెట్ల వెనక. సాయంత్రం ఏడు దాటాక మీ అమ్మాయిని ఒక్కదాన్నే అటు పంపిస్తారా? నేను పంపించను. మా పార్కులో ఆడవాళ్ల వైపు తలుపు కాంపౌండు గోడకు ఎదురుగా ఉండేది. గోడకీ తలుపుకీ మధ్య నాలుగడుగుల సందు. అంత మరుగు ఎవరడిగారు?

దీన్ని మేం బాగు చేయించకముందే ఒకసారి బాగు చేశారు. ఎవరు చేశారు, ఏ ఆఫీసు అనేది వదిలేయండి. గోడలకు రెండు రంగుల టైల్స్ వేశారు. గ్రానైట్ కౌంటరు పెట్టారు. చెయ్యి పెడితే నీళ్లొచ్చే సెన్సర్ కుళాయిలు పెట్టారు. బయటి గోడ మీద పిచ్చుకల బొమ్మలు, నిజంగా బాగా వేశారు. రిబ్బను కట్ చేసి లడ్లు పంచారు. నేనూ తిన్నాను. రెండు నెలల్లో కుళాయిల్లో బ్యాటరీలు అయిపోయాయి. బ్యాటరీ మార్చడం ఎవరి పని అన్నది ఏ కాగితంలోనూ లేదు. బోరులో నీళ్లు తగ్గాయి. నాలుగో నెలలో గ్రిల్లుకి బీగం పడింది.

మేం హిందూపురం వాళ్లం తాళాన్ని బీగం అనే అంటాం. ఇక్కడ కన్నడంలోనూ బీగనే. అందుకని నేను మా పార్కు తోటమాలి దగ్గరికెళ్లి బీగంచెవి ఎవరి దగ్గరుందని అడగడానికి భాషతో ఇబ్బంది రాలేదు, జవాబుతోనే వచ్చింది. తన దగ్గర లేదు, సెక్యూరిటీ దగ్గరుంది అన్నాడు. సెక్యూరిటీ అతను కాంట్రాక్టరు మనిషి తీసుకెళ్లాడన్నాడు. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, పని అప్పజెప్పేశాం మేడమ్, ఆఫీసులో ఇచ్చేశాం అన్నాడు. ఆఫీసులో ఒకాయన సొరుగు లాగి, చెవుల గుత్తి తీసి బల్ల మీద పోశాడు. నలభై చెవులుంటాయి. ఒక్కదానికీ చీటీ లేదు. ఇందులో చూసుకోండమ్మా అన్నాడు.

ఆ గుత్తి చూశాక నాకు అర్థమైంది, మనం ఎస్టిమేటు తప్పు చివర నుంచి మొదలుపెడుతున్నామని. టైల్స్ ఎంత, శానిటరీ సామాను ఎంత, పెయింటు ఎంత అని రాసుకుంటూ వస్తాం. పొద్దున అయిదున్నరకు ఆ గ్రిల్లు తీసేది ఎవరు, నీళ్లు ఎక్కడి నుంచి, ఫినాయిలు డబ్బు ఏ పద్దులో నుంచి అనేవి ఆఖర్న కూడా రాయం. నేను ఈ సారి మొదటి పేజీలో అవే రాశాను. మా కమిటీలో ఒకాయన చూసి, ఇదేంటండీ ఇది ఎస్టిమేటా డ్యూటీ చార్టా అన్నారు.

కమిటీ అన్నాను కాబట్టి ఇంకో సంగతి. మా వాకర్స్ మీటింగులో మొదట ఈ ప్రస్తావన తెస్తే, అసలు టాయిలెట్ ఎందుకండీ, ఇళ్లు దగ్గరే కదా అన్నారు చాలామంది. నిజమే, వాళ్ల ఇళ్లు దగ్గరే. ఆ మీటింగుకి వచ్చినవాళ్లలో ఎవరికీ ఆ టాయిలెట్ అవసరం లేదు. అవసరమున్నవాళ్లు మీటింగుకి రారు. అందుకని వారం రోజులు, పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట, ఆ బెంచీ మీద కూర్చుని చూశాను. మా ఆయన నన్ను వింతగా చూశారు. మధ్యాహ్నం పార్కులో ఉండేది ఎవరనుకున్నారు? డెలివరీ కుర్రాళ్లు. హెల్మెట్ తలకింద పెట్టుకుని పడుకుంటారు. క్యాబ్ డ్రైవర్లు. రెండిళ్ల పనికి మధ్య గంట ఖాళీ దొరికిన పనిమనుషులు. ఇద్దరు ఆడవాళ్లను అడిగాను, మరి మీరెక్కడికి వెళ్తారని. పొద్దున ఇంట్లో బయల్దేరేటప్పుడు వెళ్తే మళ్లీ సాయంత్రమేనమ్మా, అందుకే నీళ్లు తాగం అంది ఒకావిడ. పని చేసే ఇళ్లలో బాత్రూం కడుగుతుంది, వాడుకోనివ్వరు. ఆ ఇళ్లు మావే, మా లేఅవుట్‌వే. దాని మీద ఇంకో ప్రసంగం చెయ్యొచ్చు, ఇవాళ వద్దు.

కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ లాంటివాటి సంగతి వేరు. కబ్బన్ పార్కు 1870 నాటిది, సుమారు 300 ఎకరాలు. లాల్‌బాగ్ 240 ఎకరాలు. ఊరంతా వస్తుంది, తోటల శాఖ చూసుకుంటుంది, పేపర్లో ఫొటో పడుతుందన్న భయం కూడా ఉంటుంది. మాది మూడెకరాల పార్కు. మా గురించి ఏ పేపరు రాస్తుంది?

సరే, పనిలోకి వస్తాను. ఇంజనీర్లు ఉన్నారా ఇక్కడ? ఇద్దరు. అయితే మిగతావాళ్లకు అర్థమయ్యేలా చెప్తాను.

కొత్త టైల్స్ వేసిన టాయిలెట్ కూడా కంపు ఎందుకు కొడుతుంది? అందరూ కడగట్లేదు అంటారు. కడిగినా కొడుతుంది. నేల మీద నీళ్లు పోయే జాలీ ఉంటుంది కదా, దాని కింద గిన్నెలాంటిది ఒకటి ఉంటుంది, ఫ్లోర్ ట్రాప్ అంటాం. అందులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి ఉండాలి. ఆ రెండంగుళాల నీళ్లే కింద డ్రైనేజీలో గాలి పైకి రాకుండా మూత. టాయిలెట్‌కి బీగం వేసి పెడితే ఎండాకాలంలో ఆ నీళ్లు ఆవిరైపోతాయి. మూత పోయింది. బీగం తీయగానే గుప్పుమంటుంది. అబ్బా కంపు అని మళ్లీ బీగం వేస్తారు. దానికి మందు ఒక మగ్గు నీళ్లు. ఊరెళ్లి వచ్చాక మీ ఇంట్లో బాత్రూం వాసన వస్తే ముందు జాలీలో ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి. రూపాయి ఖర్చు లేదు.

రెండోది యాసిడ్. మరక పోవాలని యాసిడ్ గుమ్మరిస్తారు. టైలుకీ టైలుకీ మధ్య ఉండే సిమెంటు ఆ యాసిడ్‌కి కరిగిపోతుంది. ఆ సందులోంచి మూత్రం కిందికి దిగి టైలు వెనక నిలుస్తుంది. అక్కడ బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తూ కూర్చుంటుంది. పైన ఎంత రుద్దితే ఏం లాభం, సరుకంతా లోపలుంది. అందుకని మేం మగవాళ్ల వైపు టైల్స్ సందుల్లో సిమెంటు బదులు యాసిడ్‌కి అంత తేలిగ్గా కరగని ఎపాక్సీ గ్రౌట్ పెట్టించాం. ఖరీదే. గ్రానైట్ కౌంటరు మానేసి ఆ డబ్బు ఇందులో పెట్టాం.

మూడోది వెంట్ పైపు. కప్పు పైకి పోయే ఒక గాలి గొట్టం. అది లేకపోతే ఫ్లష్ చేసినప్పుడల్లా ఆ లాగుడికి ట్రాపుల్లో నీళ్లు కూడా లాక్కుపోతాయి. మా పార్కులో ఆ గొట్టం లేనే లేదు. మొదటిసారి కట్టినవాళ్లు పెట్టలేదు, తర్వాత బాగు చేసినవాళ్లు చూడలేదు.

నేల తవ్విన రోజు చెప్తాను. మా ప్లంబరు ఒడిశా అతను. మీ ఇళ్లకు వచ్చే ప్లంబర్లను అడగండి, చాలామంది కేంద్రపాడా జిల్లా నుంచే వస్తారు. దేశమంతా వాళ్లే. నేల మీద కూర్చునే బేసిన్‌ని మన షాపుల్లో ఒరిస్సా పాన్ అంటారు, ఆ పేరు విని అతను ఎప్పుడూ మొహం చిట్లిస్తాడు. అతను నాలుగు టైల్స్ లేపి, మట్టి తీసి, పైపు మీద లెవెల్ పెట్టి నన్ను పిలిచాడు. నాలుగంగుళాల పైపు, ముప్పై అడుగుల పొడవు. నలభై అడుగులకు ఒక అడుగు లెక్కన వాలు ఇవ్వాలంటే ఆ చివర తొమ్మిదంగుళాలు దిగాలి. మా పైపు రెండంగుళాలు కూడా దిగలేదు. పడుకుని ఉంది. మరీ ఎక్కువ వాలిస్తే బాగా పోతుంది కదా అనుకుంటారు, అదీ తప్పే. నీళ్లు గబగబా వెళ్లిపోతాయి, గట్టిది అక్కడే మిగిలిపోతుంది.

పైపు చివర చాంబర్, అంటే మూత తీసి లైను శుభ్రం చేసే తొట్టి ఉండాలి కదా, అది కనపడలేదు. రెండు గంటలు వెతికాం. పూలమొక్కల మడి కింద దొరికింది. అందం కోసం దాని మీద మట్టి పోసి మందార మొక్కలు నాటారు. మూత లేపితే లోపల నుంచి వేర్లు. పక్కన కానుగ చెట్టు ఉంది, ఇక్కడ హొంగె అంటారు. పాత స్టోన్‌వేర్ పైపు, అంటే కాల్చిన మట్టి పైపు అతుకుల్లో సన్నని పగుళ్లుంటాయి. అక్కడ తడి తగిలితే వేరు వచ్చేస్తుంది. వచ్చాక లోపల ఎరువు, నీళ్లు, చీకటి, ఇంకేం కావాలి దానికి? మా ప్లంబరు రెండు చేతులా పట్టి లాగితే జడ వచ్చినట్టు వచ్చింది. ఆరడుగుల జడ, మూడు పాయలు అల్లినట్టే ఉంది. అందరం దూరం జరిగాం, అతను మాత్రం దాన్ని భుజాన వేసుకుని ఫొటో తీయమన్నాడు. (నవ్వులు) చెట్టు కొట్టలేదండీ. అతుకులు తక్కువుండే పీవీసీ వేసి, లైను చెట్టుకు దూరంగా తిప్పి, బయట యూజీడీకి, అంటే ఊరి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీకి కలిపాం. మా డబ్బులో మూడోవంతు ఆ నేల కిందే పోయింది. డబ్బిచ్చిన కంపెనీ వాళ్లు వచ్చి చూసి, ఇంతకీ ఏం చేశారు మేడమ్, పైన ఏం కనపడట్లేదే అన్నారు. వాళ్ల బోర్డు మాత్రం బాగా కనపడాలన్నారు, సరే అన్నాం.

నీళ్లు. కావేరి నీళ్లు మనకు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, అర కిలోమీటరు ఎత్తుకు పంపు చేస్తే వస్తున్నాయి. 2024 మార్చి గుర్తుందా? తాగే నీళ్లతో కారు కడిగితే, మొక్కలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అన్నారు. జనం వచ్చే చోట కుళాయిలకు ఏరేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపి ధార తగ్గించే మూతులు పెట్టమన్నారు. పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారికి పది లీటర్లు మింగుతుంది. రోజుకు రెండొందల సార్లు అనుకోండి, రెండు వేల లీటర్లు. ఇప్పుడొచ్చే మూడు, ఆరు లీటర్ల రెండు బటన్ల ట్యాంకు పెడితే అది సగానికి పడిపోతుంది. కానీ నాకొక అనుమానం ఉండేది, రెండు బటన్లలో ఏది నొక్కాలో ఎవరికి తెలుస్తుందని. అందుకని గోడ మీద రాయించకుండా, చిన్న బటన్ పక్కన ఒక చుక్క, పెద్ద బటన్ పక్కన మూడు చుక్కలు పెట్టించాను. ఫరవాలేదు, పనిచేస్తోంది. హెల్త్ ఫాసెట్లు, అదే కడుక్కునే చేతి స్ప్రేలు, మూడు పెట్టాం, పదిహేను రోజుల్లో మూడూ పోయాయి. ఇప్పుడు మామూలు కుళాయి, గొలుసు కట్టిన మగ్గు. బ్యాంకులో పెన్నుకి తాడు కట్టరూ, అలాగ.

ర్యాంపు గురించి ఒక్క మాట. నియమం ఒకటికి పన్నెండు. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల ర్యాంపు ఉండాలి. మా దగ్గర అడుగున్నర ఎత్తుకు ఆరడుగుల ర్యాంపు, దాని మీద నున్నటి టైల్స్! వీల్‌చెయిర్ ఎక్కడం కాదు, నేను చెప్పులతో ఎక్కలేకపోయాను. పద్దెనిమిది అడుగులకు జాగా లేక ఎల్ ఆకారంలో తిప్పాం. తలుపు మూడడుగుల వెడల్పు, బయటికి తెరుచుకునేట్టు. లోపల ఎవరైనా పెద్దాయన కళ్లు తిరిగి పడితే, లోపలికి తెరిచే తలుపు ఆయనకే అడ్డం పడుతుంది. గోడ కొట్టి ఆడవాళ్ల వైపు రెండు గదుల్ని నాలుగు చేశాం, తలుపు వాకింగ్ ట్రాక్ వైపుకి తిప్పాం. మగవాళ్లు మాకు తగ్గిందన్నారు. మీకు యూరినల్స్ ఉన్నాయి కదండీ అన్నాను.

ఇక ఆ అక్క గురించి. మా పార్కు టాయిలెట్ చూసుకునే ఆవిడని మేమంతా అక్కా అంటాం, నాకంటే చిన్నదే అయినా. తెలుగే. వాళ్ల తాతగారు అనంతపురం వైపు నుంచి వచ్చారట. ఈ ఊళ్లో పొద్దున్నే వీధులూడ్చే పౌరకార్మికుల్లో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. మనం ఇలా హాళ్లలో తెలుగు సభలు పెట్టుకుంటాం. వాళ్లని ఒక్కసారి పిలిచామా? నేనూ పిలవలేదు, ఒప్పుకుంటున్నాను.

ఇక్కడికి దగ్గర్లో కోలార్ బంగారు గనులున్నాయి. అక్కడ గని కాలనీల్లో ఎత్తుడు పాయిఖానాలు ఉండేవి, వాటిని చేత్తో ఎత్తిపోసింది మన తెలుగు కుటుంబాలే చాలావరకు. ఆ ఇళ్లలో ఒకదాంట్లో 1966లో పుట్టాడు బెజవాడ విల్సన్. తండ్రి, అన్న ఆ పనే చేశారు. ఆయన ఇంకొందరితో కలిసి ఈ పని మాన్పించడానికి సఫాయి కర్మచారీ ఆందోళన్ పెట్టి దేశమంతా తిరిగాడు, 2016లో మెగసెసె అవార్డు వచ్చింది. అంతకుముందు డెబ్బైల్లోనే ఈ రాష్ట్రంలో బసవలింగప్పగారు మంత్రిగా ఉండి, నెత్తిన మలం మోయించడం ఆపించారు. కేంద్రం చట్టం 1993లో ఒకటి, 2013లో ఇంకొకటి వచ్చాయి. చాంబర్ మూసుకుపోయిందని ఇవాళ కూడా ఎవరో ఒకరిని లోపలికి దిగమంటారు. ఆ మనిషి చాలాసార్లు పైకి రాడు. మా లైనుకి వాలు సరిగ్గా ఉండాలని నేను ప్లంబరుతో గొడవ పడింది వాసన కోసమే అనుకున్నారు మా కమిటీ వాళ్లు.

డ్రాయింగ్ అయ్యాక అక్కకి చూపించాను. చూసి, ఏమ్మా, నా చీర ఎక్కడ మార్చుకునేది అంది. నేను ముప్పై ఏళ్లు ఇంజనీరుని. నా డ్రాయింగ్‌లో అద్దం ఉంది, బొమ్మలున్నాయి, సబ్బు పెట్టుకునే చోటుంది. రోజంతా అక్కడుండే మనిషికి చోటు లేదు. ఆరడుగులు బై అయిదడుగుల గది ఒకటి తీశాం. ఒక కుళాయి, అర, రెండు కొక్కేలు, ఫ్యాను, రెండు వైపుల తలుపులూ కనపడేలా చిన్న కిటికీ. అన్నం తినడానికి అక్కడ వద్దమ్మా అంది, బయట కానుగ చెట్టు కింద బెంచీ వేశాం. నేను ముదురు రంగు టైల్స్ ఎంచితే, మురికి కనపడదని కాంట్రాక్టర్లు వేసేది అదే కదమ్మా, కనపడకపోతే నేనెట్లా కడిగేది అంది. తెల్లవి వేశాం. గోడకి బయట పైపు తగిలించే కుళాయి కూడా ఆవిడ అడిగిందే. నేను మర్చిపోయింది ఇంకోటుంది, ఆడవాళ్ల గదుల్లో మూత ఉన్న చెత్తబుట్ట, చేతిసంచి తగిలించుకునే కొక్కెం. అది కూడా ఆవిడే.

(సభలో నుంచి ఒకరు: డబ్బు తీసుకుంటున్నారా?)

లేదండీ. పైసలు తీసుకునే పద్ధతి సులభ్ అనే సంస్థ వాళ్లు 1974లో పాట్నాలో మొదలుపెట్టారు, బస్టాండుల్లో అది బాగానే నడిచింది. మా దగ్గర అయిదు రూపాయలు పెడితే, పొద్దున నడిచేవాళ్లు ఇస్తారు. రోజుకు మూడుసార్లు రావలసిన పనిమనిషి రాదు, మళ్లీ నీళ్లు తాగడం మానేస్తుంది. అక్క జీతం, ఫినాయిలు, బ్రష్షులు లేఅవుట్ అసోసియేషన్ బడ్జెట్‌లో పెట్టించాను. ప్రతి ఏడాది జనరల్ బాడీలో దాని మీద పోట్లాట జరుగుతుంది. ఈ ఏడాదీ జరిగింది.

(సభలో నుంచి ఇంకొకరు: మరి బీగంచెవి ఇప్పుడు ఎవరి దగ్గరుందండీ?)

మూడున్నాయి. ఒకటి అక్క దగ్గర, ఒకటి గేటు సెక్యూరిటీ దగ్గర, ఒకటి మా ఇంట్లో ఫ్రిజ్ మీద. మూడింటికీ చీటీలున్నాయి. పోయిన మంగళవారం అక్క బస్సు దొరక్క ఆలస్యమైంది, సెక్యూరిటీ అతను ఆ రోజు కొత్తవాడు, చెవి సంగతి వాడికెవరూ చెప్పలేదు. పొద్దున ఆరు కాకముందే నాకు ఫోన్. నైటీ మీద శాలువా కప్పుకుని పరిగెత్తాను. గ్రిల్లు ముందు ఒక డెలివరీ కుర్రాడు, హెల్మెట్ చేత్తో పట్టుకుని, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డాడు. నేను బీగం తీసేలోపే పక్క నుంచి దూరిపోతూ, థ్యాంక్స్ ఆంటీ అని ఆ హెల్మెట్ నా చేతిలో పెట్టి వెళ్లాడు.